ఊ అంటే నిద్రే

"మా అమ్మని మనింట్లోనే ఉంచేసుకుందామా?" అని అడిగింది పక్కసీట్లో ఉన్న భార్య.

"ఊ" అన్నాడు కారు నడుపుతున్న భర్త.

భార్య కెవ్వుమంది. "అమ్మా, ఈయన నిద్రపోయారే" అంటూ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో ఆయన తొడ గిల్లింది. వెనకసీట్లో కమలాపండు ఒలుస్తున్న అత్తగారు పండు ఒళ్లో పడేసి, సీసాడు నీళ్లూ అల్లుడి నెత్తిన కుమ్మరించింది. కారు రోడ్డు దిగి, దుమ్ము రేపుకుంటూ పోయి ఒక టీకొట్టు ముందు ఆగింది.

ఆ ప్రశ్నే వాళ్ల అలారం. అత్తగారిని పెద్దకూతురింటి నుంచి కొడుకింటికి చేర్చే వంతు ఈ చిన్నల్లుడిది. ఎనిమిది గంటల దారి. పొద్దుటి నుంచి అరగంటకోసారి భార్య అదే మాట అడగడం, ఆయన ఠక్కున "కుదరదు" అనడం. "మెలకువగానే ఉన్నారమ్మా" అని కూతురంటే, అత్తగారు ఒక తొన ఒలిచి అల్లుడికి అందించడం. కూతురు మరిచిపోతే, "అరగంటైంది, అడగవే" అని ఆవిడే గుర్తుచేసేది.

"నేను నిద్రపోలేదు. తెలిసే అన్నాను" అన్నాడు భర్త, గడ్డం నుంచి నీళ్లు కారుతుంటే.

"చూశావామ్మా, ఇంకా కలవరిస్తున్నారు."

"నిద్రమత్తులో అన్న మాట పట్టుకోకూడదే. పాపం, మెలకువ ఉంటే అల్లుడుగారు అలా అనే మనిషా?" అంది అత్తగారు.

భర్త మొహం కడుక్కున్నాడు. రెండు టీలు తాగాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చి, "ఇప్పుడడుగు" అన్నాడు. అడిగింది. మళ్లీ "ఊ" అన్నాడు.

"అయ్యో, గుర్రంలాగా నిలబడే నిద్రపోతున్నారు. తాళాలు ఇటివ్వండి, నేను నడుపుతాను."

"నీకు నడపడం రాదుగా."

"రాకపోతేనేం, మెలకువగా ఉన్నాను."

టీకొట్టతను గ్లాసులు కడగడం ఆపి కల్పించుకున్నాడు. "ఈ రోడ్డు మీద ఎంతమంది డ్రైవర్ల కళ్లు చూడలేదమ్మా నేను. ఉండండి, తేలుస్తాను. సార్, మీ పెళ్లిరోజు ఎప్పుడు?"

భర్త ఓరగా భార్య వైపు చూశాడు.

"సరే, ఇది కొట్టేద్దాం. మెలకువగా ఉన్న మగాళ్లకీ రాదు. పదమూడో ఎక్కం వెనక నుంచి చెప్పండి."

"నూట ముప్ఫై, నూట పదిహేడు, నూట నాలుగు, తొంభై ఒకటి..."

"చాలు. ఒప్పో తప్పో నాకు తెలీదుగానీ, మనిషి తడుముకోలేదు. మెలకువే" అని తీర్పు చెప్పాడతను.

భార్యకి అప్పటికీ నమ్మకం చిక్కలేదు. "ఇరవై ఏళ్లుగా లేనిది ఇవాళెక్కడి నుంచి ఊడిపడిందండీ ఈ ఊ?"

భర్త తల దించుకున్నాడు. "పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు ఆవిడ వింటుండగానే కుదరదన్నాను. తొమ్మిదిసార్లూ తొన ఒలిచి, గింజలు తీసి మరీ పెట్టారు. పదోసారి అనడానికి నోరు రాలేదు."

భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. టీకొట్టతను గ్లాసులు తుడిచే గుడ్డతో ఒత్తుకున్నాడు. ఆమె గబగబా వెళ్లి కారు వెనక తలుపు తీసింది.

"అమ్మా, నిజంగానే అన్నారే. ఇంక అన్నయ్య ఇంటికీ వద్దు, అక్క ఇంటికీ వద్దు. ఎప్పటికీ మా దగ్గరే. వస్తావుగా?"

"కుదరదు" అంది అత్తగారు ఠక్కున.

కూతురు బిక్కచచ్చిపోయింది. "అదేంటమ్మా?"

అత్తగారు ఒళ్లో మిగిలిన ఆఖరి తొన తీసి, గింజలు ఏరేసి, ఈసారి తన నోట్లోనే వేసుకుంది.

"నేనూ మెలకువగానే ఉన్నానే."