దివిటీ పిల్ల ఏం చూసింది?

“ఇప్పుడు చెప్పు. ఈ దివిటీ పిల్ల గుహలోకి వెళ్ళిందా, లేదా?”

అమ్మ పుస్తకాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎదురుగా పదేళ్ళ కూతురు పిట్ట, గోళ్ళకంటిన ఎండిన జిగురు గిల్లుకుంటూ కూర్చుంది. బడిలో రోజూ ఏవో అట్టబొమ్మలు చేయిస్తారట.

“వెళ్ళిందమ్మా.”

“ఈ బొమ్మలో గుహ ముందు నిలబడింది. తిప్పితే ఏటి ఒడ్డున కూర్చుని ఏడుస్తోంది. మధ్యలో ఏమైంది?”

“అది... మనమే ఊహించుకోవాలి.”

“ఊహించుకోవడానికైతే పుస్తకమెందుకే? గోడ చూస్తూ కూర్చుంటే పోలా!”

పిట్ట కిసుక్కున నవ్వింది. అమ్మకి నవ్వు రాలేదు.

‘బూడిద రాజ్యం’ బొమ్మల పుస్తకాల్లో ఇది నాలుగోది. మొదటిది ఇంటికొచ్చిన రోజే పక్కింటి అక్క హడలగొట్టేసింది. “అవా! మావాడు చదివి వారం రోజులు ఒంటరిగా బాత్రూముకి వెళ్ళలేదు తల్లీ!” అమ్మ అసలే చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే మనిషి. బయటికెళ్తే తాళం మూడుసార్లు లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి నాలుగోసారి లాగి చూస్తుంది. అందుకే ఒక షరతు పెట్టింది. ఏ భాగమైనా లైబ్రరీ నుంచి తేగానే ముందు తన చేతికివ్వాలి. తను సరే అన్నాకే పిట్ట ముట్టుకోవాలి.

పిట్ట మారుమాట లేకుండా ఒప్పుకుంది. లైబ్రరీ నుంచి మాత్రం అరగంట ఆలస్యంగా వచ్చేది.

తీరా చూస్తే, భయపడదామన్నా అందులో భయమే లేదు. గుర్రాలు, కాలిన చెట్లు, బూడిద రంగు చందమామ. నీడలదొర పేరు చెబితే రాజ్యమంతా గజగజలాడుతుంది, ఆ దొర మాత్రం ఒక్క బొమ్మలోనూ కనిపించడు. రెండోసారి చదివింది. వేలు పెట్టుకుని మూడోసారి చదివింది. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు, తప్పు తనదేనేమో. పదేళ్ళ పిల్లకి అర్థమైంది తనకి కావట్లేదంటే, రేపు ఆ పిల్ల మాట్లాడేదీ అర్థం కాదు. అదీ దిగులు.

“పోనీ, ఇందులో నీకేం నచ్చిందో చెప్పవే.”

“దివిటీ పిల్లకి అందరికంటే ఎక్కువ భయమమ్మా. అయినా వెళ్తుంది.”

“దేన్ని చూసి భయం?”

పిట్ట మళ్ళీ గోళ్ళు చూసుకుంది.

అమ్మకి ఒళ్ళు మండింది. “నాకు అర్థం కానిది నీ చేతిలో ఉండడానికి వీల్లేదు. ఐదోది వద్దు.”

“అమ్మా! అదే ఆఖరుది! ఒక్కటే!”

“వద్దంటే వద్దు. పద, ఇచ్చేసొద్దాం.”

లైబ్రరీలో పిట్ట మూతి ముడుచుకుని బీరువాల వైపు వెళ్ళేదాకా ఆగి, అమ్మ లైబ్రేరియన్ బల్ల మీదికి వంగింది.

“మేడమ్, నవ్వకండి. నేను ఏడు దాకే చదివాను. ఈ బొమ్మల కథలకి వేరే చదువేమైనా కావాలా? ఎన్నిసార్లు చదివినా మధ్యలో కథ తెగిపోతోంది.”

లైబ్రేరియన్ నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పి, ఒకచోట ఆగింది. “నలభై ఒకటి తర్వాత నలభై నాలుగు. మళ్ళీనా!” అంటూ సొరుగులోంచి పల్చటి స్కేలు తీసింది. అట్టల్లాంటి దళసరి కాగితాలు, రెండు కలిసినా చేతికి తెలియదు. స్కేలు అంచు మెల్లగా దూర్చేసరికి జిగురు చుక్కలు టపటపమని ఊడాయి.

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

రెండు పేజీల నిండా నీడలదొర. మొహంలో కళ్ళు లేవు, చాచిన అరచేతుల్లో ఉన్నాయి. కింద మూలన బొటనవేలంత దివిటీ పిల్ల. చేతిలో మంట వణుకుతోంది. కాళ్ళు మాత్రం ముందుకే ఉన్నాయి.

గుండె దడదడలాడుతున్నా అమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. ఏటి ఒడ్డున ఆ ఏడుపెందుకో ఇప్పుడు తెలిసింది. పిట్టకి నచ్చిందేమిటో కూడా.

“ముందు భాగాలూ ఇంతే,” అంది లైబ్రేరియన్. “అతికించేది మీరే అనుకున్నానమ్మా, పిల్ల జడుసుకుంటుందని. అందుకే ఊరుకున్నాను.”

“నేనా? నాకు తెలిస్తే కదా!”

అంటూనే అమ్మ ఆగిపోయింది. గోళ్ళు. ఎండిన జిగురు. అరగంట ఆలస్యం.

“ఏయ్ పిట్టా, ఇలా రా!”

పిట్ట వచ్చింది. తెరిచి ఉన్న పేజీలు చూసి తల దించుకుంది.

“ఇవి చూస్తే పుస్తకాలు మాన్పిస్తానని దాచావు. అంతేనా?” అంది అమ్మ. “అమ్మని మోసం చేస్తావుటే?”

పిట్ట తల అడ్డంగా ఊపింది.

“మరెందుకు?”

పిట్ట గబగబా ముందుకొచ్చి, నీడలదొర మొహం మీద తన రెండు చేతులూ కప్పింది.

“నువ్వు జడుసుకుంటావని.”