తలుపు తెరిచినప్పటి బొమ్మ

షెడ్డు గోడకు అంటించిన డ్రాయింగ్ మీద ఎవరో ముసలాయన ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాడు.

హారికకు ఒళ్లు మండిపోయింది.

తను సొంతంగా డిజైన్ చేసిన మొదటి మిషన్ అది. పత్తిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు. వరంగల్‌లో ఇంత పెద్దది ఇంకెవరూ చేయలేదని ఓనరు రాజేశ్వర్ రావు వారం రోజులుగా కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. పదకొండింటికి కేసముద్రం నుంచి మిల్లు వాళ్లు ట్రయల్ చూడటానికి వస్తున్నారు. గట్టిగా అరగంట కూడా లేదు.

"ఎవరు తాతా నువ్వు? ఏం చేస్తానవ్?"

ముసలాయన తిరిగి చూడలేదు. గీత పూర్తయ్యాకే పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు.

"ప్రెస్సు తలుపు మూసినట్టు గీసినవ్ బిడ్డా. తెరిస్తే యాడిదాక వస్తదో గీయలేదేంది?"

"అది సుత గీస్తే గీతల మీద గీతలు పడి చూసేటోళ్లకు గందరగోళం."

"నేను సుత గట్లనే అనుకున్న," అన్నాడాయన మెల్లగా.

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. డ్రాయింగ్‌ను గోడ మీంచి పీకి, నలిపి, చెత్తడబ్బాలో పడేసింది.

"మిషన్ నడిపేటోడు యాడ నిలబడ్తడు?" ముసలాయన వదిలేలా లేడు.

"వెంకటయ్యా," హారిక గేటు వైపు చూసి కేకేసింది. "ఎవరు పడితే వాళ్లను లోపలికెట్ల రానిచ్చినవ్? ముందు ఈయన్ని బయటికి పంపు."

వాచ్‌మన్ వెంకటయ్య వచ్చాడు. ఖాళీగా వేలాడుతున్న చొక్కా కుడి చేతిని జేబులో దోపుకొని, ఉన్న ఒక్క చేత్తో ముసలాయన భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ గేటు దాకా నడిచి వెళ్లారు.

హారిక ఇంకో ప్రింటు తీసి అంటించింది.

మిల్లు వాళ్లు వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. ఆపరేటర్ అనిల్ స్విచ్ బోర్డు ముందు నిలబడి పంపు ఆన్ చేశాడు. ప్రెస్సులో పత్తి అణగడం మొదలైంది.

అంతా బాగానే ఉంది. హారిక మనసే కుదురుగా లేదు. మిషన్ నడిపేటోడు యాడ నిలబడ్తడు?

స్విచ్ బోర్డు మొదట ఎడమవైపు ఉండేది. వైరు కలిసొస్తుందని పోయిన వారమే తనే కుడివైపుకు మార్చింది.

గబగబా ల్యాప్‌టాప్ తెరిచింది. తలుపు తెరుచుకుంటే ఎక్కడిదాకా వస్తుందో అదే బొమ్మలో చుక్కల గీతలతో చూపించే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఒక్క క్లిక్కు పని. ఆ ఒక్క క్లిక్కే ఆమె ఇన్నాళ్లూ చేయలేదు.

ఇప్పుడు చేసింది.

చుక్కల తలుపు వచ్చి సరిగ్గా స్విచ్ బోర్డు మీద పడింది.

తలెత్తి చూసింది. అక్కడ అనిల్ ఉన్నాడు. అతని వేలు తలుపు గడియ వదిలే బటన్ మీదికి పోతోంది.

"అనిల్, జరుగు."

పంపు చప్పుడులో అతనికి వినపడలేదు. హారిక పరుగెత్తి, చొక్కా పట్టుకొని వెనక్కి గుంజింది. ఇద్దరూ కింద పడ్డారు. అప్పటికే బటన్ నొక్కడం అయిపోయింది. లోపల అణిగిన పత్తి ఒక్క తోపుతో తలుపును బయటికి తన్నింది. స్విచ్ బోర్డు నుజ్జునుజ్జయింది. పంపు ఆగిపోయింది.



హారిక లేచి చెత్తడబ్బాలోంచి నలిగిన కాగితం తీసి విప్పింది. లెక్కలు, కొలతలు ఏవీ లేకుండా ముసలాయన గీసిన ఎర్ర గీత, కంప్యూటర్ చూపించిన గీత వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్కచోటే ఉన్నాయి.

గేటు దగ్గరున్న వెంకటయ్య దగ్గరికి పరుగెత్తింది.

"కాకా, ఆ తాత ఏడి?"

"ములుగు బస్సెక్కి పోయిండు బిడ్డా."

"మళ్లొస్తడా?"

"ఇగ రాడు. ముప్పై ఏండ్ల సంది ఈ గేటు తొక్కలే. కొత్త ప్రెస్సు తయారైతాంది, ఒక్కసారి వచ్చి చూసిపో అని నేనే ఫోన్ల బతిమిలాడిన."

హారికకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నీకేమైతడు కాకా?"

వెంకటయ్య జారిపోయిన చొక్కా చేతిని మళ్లీ జేబులో దోపుకున్నాడు.

"ఏం కాడు బిడ్డా. నా చెయ్యి తీసుకపోయిన ప్రెస్సుకు, తలుపు మూసిన బొమ్మ ఒక్కటే గీసింది ఆయనే."