ఊరు తెలిసిన అల్లుడు

"ఒక్క రోజు సెలవు కూడా ఇవ్వని ఆఫీసేం ఆఫీసు? ఉండు, మీ మేనేజరుతో నేనే మాట్లాడతా," అంటూ లూసియా ఫోను అందుకుంది.

గార్త్ కాఫీ కప్పు గబుక్కున కింద పెట్టేశాడు.

"వద్దు, వద్దు! నిన్ననే అడిగాను. ఇచ్చారు. ఇవాళంతా ఖాళీయే."

"మరి ఇందాకటినుంచీ ఆ నసుగుడేంటి? నాన్న మిల్డూరా నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. మెల్‌బోర్న్‌లో నాలుగు చోట్లు తిప్పి చూపించు, పాపం."

మేనేజరుకి ఫోను చేస్తే లూసియాకి ఏం వినిపిస్తుందో గార్త్‌కి తెలుసు. అతణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి పదకొండు వారాలైంది. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నోరు రాక, రోజూ టై కట్టుకుని ఎనిమిదింటి రైలెక్కుతున్నాడు. సాయంత్రం దాకా ఊళ్ళో కాళ్ళీడ్చుకుంటూ తిరిగి, అలసిపోయిన మొహంతో ఇంటికొస్తున్నాడు. అలసట మాత్రం నిజమే.

మామగారు కార్మెలో అప్పటికే కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. డెబ్బై దాటినా, ద్రాక్షతోటలో తిరిగిన కాళ్ళు గట్టిగానే ఉన్నాయి.

"పద అల్లుడూ. నడుస్తూనే చూద్దాం. నాకేం తొందర లేదు."

రైలు దిగేసరికి సన్నగా జల్లు. అక్కడ జూలై అంటే చలికాలం. ముందు మార్కెట్‌కి తీసుకెళ్ళాడు. జామ్ డోనట్ల బండి దగ్గరికి వెళ్ళీ వెళ్ళకముందే, లోపలున్న ఆవిడ కాగితం సంచిలో రెండు వేసి చేతికిచ్చింది.

"ఇవాళ టై ఏదయ్యా? ఎవరో అనుకున్నా!"

"నీకు తెలిసినావిడా?" అన్నాడు కార్మెలో.

"అబ్బే. అందరితోనూ అలాగే మాట్లాడుతుంది."

లైబ్రరీలో పెద్ద గుమ్మటం కింద, ఆకుపచ్చ దీపాల బల్లల దగ్గర, కాపలా మనిషి గార్త్‌ని చూసి నవ్వాడు. "ఆలస్యమైందే ఇవాళ! మీ కుర్చీలో ఎవరో కూర్చున్నారు సార్."

కార్మెలో తలెత్తి గుమ్మటాన్నే చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. గార్త్ ఆయన మోచెయ్యి పట్టుకుని గబగబా బయటికి తెచ్చేశాడు.

బయట మోకాలెత్తు పావులతో చదరంగం ఆడుతున్న గడ్డపాయన కేకేశాడు. "ఏయ్ దొంగా! నిన్న మధ్యాహ్నం ఓడిపోతానని తెలిసి ఆట మధ్యలో జారుకున్నావు కదూ? రా, ఇప్పుడు తేలుద్దాం!"

"నిన్న మధ్యాహ్నమా?" అన్నాడు కార్మెలో.

"అదే... భోజనం టైములో. ఆఫీసు పక్కనేగా."

"నీ ఆఫీసు నది అవతలని చెప్పిందే మా అమ్మాయి?"

గార్త్ రోడ్డు వైపు తిరిగాడు. "ట్రామొచ్చింది, ఎక్కండి," అన్నాడు.

చిత్రాల గ్యాలరీ ముందు దిగారు. గుమ్మంలో నిలువెత్తు అద్దపు గోడ మీద నీళ్ళు జారుతున్నాయి. కార్మెలో ఆ నీళ్ళని వేలితో తాకి చిన్నపిల్లాడిలా నవ్వాడు. గార్త్ మొహం తిప్పుకున్నాడు. పోయిన వారం, యాభై రెండేళ్ళవాడు మాకు పనికిరాడని తన నలభయ్యో ఉద్యోగ దరఖాస్తుకి మర్యాదగా వచ్చిన జవాబు ఫోనులో చదివి, నీళ్ళ చప్పుడు చాటున తను ఏడ్చింది అక్కడే.

ఎదురుగా ఉన్న పార్కులోకి వెళ్ళేసరికి ముసలాయన ఆయాసపడుతున్నాడు. గార్త్ ఆలోచించకుండానే దారి వదిలి, చెట్ల సందులోంచి ఒక గుబురు పొద వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడొక బెంచీ ఉంది.

"కూర్చోండి మావయ్యా. ఇక్కడ గాలి తగలదు. మూడు దాటితే కాస్త ఎండ కూడా పడుతుంది."

కార్మెలో కూర్చోలేదు.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో ఉండేవాడివి. మూడింటికి ఇక్కడ ఎండ పడుతుందని నీకెవరు చెప్పారు అల్లుడూ?"

గార్త్ తనే బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"పదకొండు వారాలు," అన్నాడు. "పదకొండు వారాలుగా ఈ ఊళ్ళో నేను చూడని చోటు లేదు. ఇంకెక్కడికి పోవాలో తెలియట్లేదు మావయ్యా."

"లూసియాకి చెప్పలేదూ?"

"ఎలా చెప్పను? ప్రతి ఆదివారం కూర్చుని వారానికి సరిపడా నా చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. అయిదు చొక్కాలు. అవి చూస్తే నోట్లోంచి మాట రాదు."

వాన ఆగింది. ఎండ మాత్రం రాలేదు. కార్మెలో నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకున్నాడు గార్త్. ఆయన తిట్టలేదు. పగుళ్ళు వారిన చేతుల్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"మీకు దణ్ణం పెడతాను," అన్నాడు గార్త్. "ఈ మూడు రోజులూ ఏమీ ఎరగనట్టు ఉండండి. ఆదివారం మిమ్మల్ని బస్సెక్కించి రాగానే అంతా నేనే చెప్పేస్తాను. మీ ఎదుట ఆమె ఏడిస్తే తట్టుకోలేను."

కార్మెలో తల ఎత్తకుండానే అన్నాడు:

"ఏ బస్సు అల్లుడూ? పోయిన నెలే అప్పుల కింద తోటతో పాటు ఇల్లూ పోయింది నాకు, అమ్మాయికి నేనూ చెప్పలేదు. రేపు నువ్వు ఎన్నింటికి ఆఫీసుకి బయల్దేరతావో చెప్పు, నేనూ వస్తా."