తాయప్ప పద్ధతి

భూమి కుర్చీని తన్నేసి, బొమ్మల కార్డులన్నీ విసిరికొట్టి, కెరోలిన్ ముంజేతిని కొరికింది.

ఆ తర్వాత కళ్లు, చెవులు గట్టిగా మూసుకుని ఒకటే అరుపు.

ఏడేళ్ల పిల్ల. ఆటిజం. ఇంకా మాటలు రాలేదు. కుర్చీలో కూర్చోవడం, అడిగిన బొమ్మ చూపించడం, కావలసింది నోటితో అడగడం నేర్పించడానికి కెరోలిన్ నాలుగు నెలలుగా బళ్లారిలోని ఆ ఇంటికి రోజూ ఉదయం వస్తోంది. అందుకోసం బెంగళూరులో ఏడాది శిక్షణ తీసుకుంది.

అరుపు ఆగలేదు.

ఆ ఇంటి కారు డ్రైవరు తాయప్ప గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. నలభై దాటిన మనిషి. పిల్లకు మూరెడు దూరంలో, వీపు ఆమె వైపుండేలా అటు తిరిగి నేలమీద కూర్చున్నాడు.

కాసేపటికి అరుపు మూలుగైంది. భూమి పాకుతూ వచ్చి అతని వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది.

"తాయప్పా, నిన్నెవరు రమ్మన్నారు లోపలికి?" అంది కెరోలిన్ చెయ్యి రుద్దుకుంటూ.

"పాప భయపడ్తాంది మేడం."

"భయం కాదు. పాఠం తప్పించుకోవాలని అరుస్తాంది. అరిచినప్పుడల్లా నువ్వొస్తే అదే అలవాటైతాది."

"కోపమైతే కండ్లు తెరిచి అరుస్తాది మేడం. మూసుకునిందంటే భయమే. పొద్దున్నుంచి ఫ్యాను సద్దు మారిండాది."

కెరోలిన్ తలెత్తి చూసింది. పైన ఫ్యాను సన్నగా కీచుమంటోంది. గంట నుంచి ఆ గదిలోనే ఉన్నా తనకు వినబడలేదు.

"ఇవన్నీ నీకెవరు చెప్పినారు?"

తాయప్ప తల దించుకున్నాడు. "సుమ్నె అన్నా మేడం. ఊరికే."

ఆ రాత్రి కెరోలిన్ తన శిక్షణ పుస్తకాలు మళ్లీ తిరగేసింది. తాయప్ప చేసినదంతా పుస్తకం ప్రకారం తప్పే. మరి పిల్ల ఎందుకు ఊరుకుంది?

వారం తర్వాత ఇంకో వింత. పాఠం ముగించి బయటికొస్తుంటే కారు పక్కన భూమి నిలబడి ఉంది. తాయప్ప చేతిలోని చెంబు చూస్తూ, "నీ...ళ్లు" అంది.

నాలుగు నెలలుగా కెరోలిన్ అనిపించలేకపోయిన మాట అది.

సంతోషించాలి. సంతోషం రాలేదు. వచ్చిందేమిటో ఆమెకే తెలియలేదు.

మర్నాడు భూమి తండ్రి సిద్దేశ్‌తో చెప్పింది. "సార్, ఇద్దరం రెండు రకాలుగా నేర్పిస్తే పాపకు ఏదీ అర్థం కాదు. తాయప్పను దూరంగా ఉండమనండి."

సిద్దేశ్‌కు గనుల నుంచి ఖనిజం తోలే లారీలున్నాయి. ఊరంతా ఎర్రదుమ్ము లేపుతూ లారీలు తిరుగుతున్న కాలం.

"అంతే కదా! డ్రైవర్లు దొరక్క చస్తాండా. రేపే లారీ ఎక్కిస్తా," అన్నాడు.

కారు తాళాలు అప్పగించి వెళ్తూ తాయప్ప ఆగాడు.

"మేడం, పాప ఏమన్నా అడిగితే వెంటనే ఇయ్యండి. ఆలస్యమైతే మళ్లీ అడగదు."

ఆమె తల ఊపింది. అతను వెళ్లిపోయాడు.

భూమి మళ్లీ నీళ్లు అడగలేదు. కార్డులు ముట్టలేదు. పొద్దుటి నుంచి గేటు దగ్గరే కూర్చునేది. ఒకరోజు కెరోలిన్ కూడా నేలమీద అటు తిరిగి కూర్చుని చూసింది. భూమి లేచి ఇంకో గదిలోకి పోయింది.

"ఆ తాయప్ప ఉన్నప్పుడే బాగుండెనేమో కెరోలిన్?" అంది తల్లి నేత్రావతి.

"నాకే ఏమీ అర్థం కాకుండా ఉండాది మేడం," అంది కెరోలిన్. నాలుగు నెలల్లో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.

మూడు వారాలు గడిచాయి. ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆటో ఎక్కి తాయప్ప ఊరు సంగనకల్లు వెళ్లింది. అతని ఇల్లు కనుక్కుంది. క్షమించమనాలి. రమ్మనాలి. ఏం చేస్తే పిల్ల దగ్గరికొస్తుందో అడగాలి.

తలుపు తీసిన ఆడమనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. కెరోలిన్ ముఖం చూడలేదు. ఆమె చున్నీ అంచు చూస్తూ, వేళ్లు ఆడిస్తూ, "కూచో. నీళ్లు తాగు. అన్న లేడు," అంది. నీళ్ల గ్లాసు తెచ్చి చాపి, మళ్లీ అదే రాగంతో, "కూచో. నీళ్లు తాగు. అన్న లేడు."

కెరోలిన్ గ్లాసు అందుకోవడం మర్చిపోయి అలాగే నిలబడింది.

లోపల్నుంచి తాయప్ప తల్లి సుంకలమ్మ వచ్చింది. "వాడు గోవా పక్క ఓడరేవుకు పోయినాడమ్మా. నీ సావుకారు లారీ ఇడిసి ఆడ చేరినాడు. ఎప్పుడొస్తాడో ఏమో. ఇది నా కూతురు యంకమ్మ."

యంకమ్మ అప్పటికే పొయ్యి వెలిగించి, బియ్యం కడిగి ఎసట్లో పోసింది. చేతులు తుడుచుకుని, చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. ఇవేవీ ఎవరూ చెప్పి చేయించలేదు.

ఇలాంటి బిడ్డ పెద్దయ్యాక ఇన్ని పనులు ఒంటరిగా చేసుకోవడం కెరోలిన్ ఎక్కడా చూడలేదు. బెంగళూరులోనూ చూడలేదు.

"అవ్వా, ఈమెను ఏ స్కూల్లో ఏసినారు? ఏ డాక్టరు నేర్పించినారు ఇదంతా?"

సుంకలమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"ఏం స్కూలు తల్లీ? దీనికి నోట మాట లేదని మా తాయప్ప ఆరో క్లాసుతోనే బడి ఇడిసినాడు, దీని పక్కన కూచుని ఒక్కొక్క మాటా, ఒక్కొక్క పనీ నేర్పించేకి వానికి ఇరవై ఏండ్లు పట్టింది."