కండక్టరు గొంతు తగ్గింది

మొగుడు మళ్ళీ గొణిగాడు.

మిల్లక్క టీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది. "ఏంటండీ ఆ గొణుగుడు? చెప్పేదేదో కాస్త గట్టిగా చెప్పి చావొచ్చుగా?"

ఆయన మీసం కదిలింది. ఏమన్నాడో ఆ మీసానికే తెలియాలి. సంచి భుజాన తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నూలు మిల్లులో సగం జీవితం గడిపింది కాబట్టి ఆమె వీధి వీధంతటికీ మిల్లక్క. ఆయన సిటీ బస్సు కండక్టరు. ఒక్క కేక పెట్టాడంటే వెనక సీట్లో కునుకు తీసేవాడు ఉలిక్కిపడి లేచి టిక్కెట్టు కొనాల్సిందే. అంతటి గొంతు ఇంటి గుమ్మం తొక్కగానే ఏమైపోతోంది? బస్సెక్కిన ప్రతివాడికీ పంచిపెట్టే గొంతు కట్టుకున్నదానికి మాత్రం కరువైందా?

ఆమె అనుమానం ఊరికే పుట్టలేదు. పెళ్ళైన నాటినుంచీ మూతి నున్నగా గీసుకునే మనిషి, ఈ వయసులో గుబురు మీసం పెంచాడు. దానికి రోజూ అద్దం ముందు సేవలు, జేబులో ఒక బుల్లి దువ్వెన. ఎవరి కోసం ఈ సోకులని అడిగితే నవ్వేసి ఊరుకున్నాడు. పైగా ఫోను పట్టుకుంటే చాలు, బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంటాడు. ఆమె అటువైపు వెళ్తే గబుక్కున ఫోను జేబులో పడేస్తాడు.

సాయంత్రం మళ్ళీ అదే వరస. ఈసారి ఆమె తలుపు వెనక నక్కి, ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించింది. గుసగుసైనా బయటికి పొక్కితే ఒట్టు. పక్కనున్నవాళ్ళకి కూడా వినపడకుండా గుసగుసలాడే విద్య ఎక్కడ నేర్చాడో మహానుభావుడు! ఆ అవతలిది ఎవత్తో గానీ, దానివి పాముచెవులై ఉండాలి.

వంటింట్లోకి వచ్చి కూరగాయలు ముందేసుకుంది. ఈ మనిషి లేకపోతే తను ఏమైపోతుందన్న ఆలోచన రాగానే కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. ఏడుపొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. తాడోపేడో తేల్చుకోవాలనుకుని కూతుర్ని రమ్మని కబురు పెట్టింది.

ఆదివారం కూతురు వచ్చింది. వచ్చీ రాగానే తల్లికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఒకసారి చెవులు చూపించుకోవే. అవసరమైతే మిషన్ పెట్టించుకుంటే తప్పేంటి?"

మిల్లక్క కళ్ళెర్ర చేసింది. పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న మొగుణ్ణి ఒక చూపు చూసింది. "ఓహో, నీకూ నూరిపోశాడన్నమాట. నా చెవులకేం తెగులే? నీ మాట వినపడట్లేదా? పక్కింటావిడ సోది వినపడట్లేదా? కూరల బండివాడితో రోజూ బేరమాడట్లేదా? మిల్లులో మిషన్ల హోరుకి పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. అంత హోరులో అవతలి వరసలో ఉన్నదాంతో అత్తల మీద చాడీలు చెప్పుకునేదాన్ని. ఒక్క ముక్క పొల్లుపోయేది కాదు. ఇవీ ఆ చెవులే!"

"మరి నాన్న మాటే ఎందుకు వినపడదు?"

"దొంగతనం ఉంది కాబట్టి. గొంతు పైకి లేస్తే గుట్టు బయటపడుతుందని భయం."

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఆ దిక్కుమాలిన మీసం వచ్చిన దగ్గర్నుంచి!"

 కూతురు తండ్రి మొహంకేసి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, ఆయన చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది.

మిల్లక్క మూసిన తలుపుకేసి చూసింది. కన్నకూతురు కూడా ఆయన పక్షమే. ఇద్దరూ కలిసి తనకి చెవిటిదని ముద్ర వేస్తారు. ఆ తర్వాత తను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరు నమ్ముతారు? ఆయనగారు నడిబజారులో ఆవిణ్ణి వెంటేసుకు తిరిగినా అడిగే దిక్కుండదు.

తలుపు తెరుచుకుంది. ఆయన మీసం తీసేసి వచ్చాడు. మూతి మునుపటిలా నున్నగా ఉంది. ఎదురుగా కూర్చుని ఆమె కళ్ళలోకి చూశాడు.

"పిచ్చిదానా, నాకు ఇంకో ఆడది కూడానా? ఫోన్లన్నీ అమ్మాయికే. చెవుల డాక్టరు దగ్గరికి నిన్ను ఎలా తీసుకెళ్ళాలా అని. నీకు చెప్తే ఇల్లు పీకి పందిరేస్తావని దాచాను. రావూ? నాకోసం?"

ఒక్కో మాటా ఖంగుమంది. అదే గొంతు, పెళ్ళినాటి గొంతు. మిల్లక్కకి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని, మొగుణ్ణి వదిలేసి కూతురి మీదకు తిరిగింది.

"విన్నావుగా? ఇలా నోరు విప్పి మాట్లాడితే ఎందుకు వినపడదు? ఇంకో ఆడదేంటి అన్నారు, ఫోన్లు నీకే అన్నారు, ఇల్లు పీకి పందిరేస్తానన్నారు. ఒక్క ముక్క పోయిందా? ఈ చెవులు పనిచేయట్లేదని ఇప్పుడు చెప్పు చూద్దాం. ఒక్క ముక్క పోయిందని చూపించు, రేపే వచ్చి రెండు చెవులకీ మిషన్లు పెట్టించుకుంటా!"

కూతురు వచ్చి తల్లి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నెమ్మదిగా అంది.

"నాన్న గొంతు విప్పనే లేదమ్మా, ఉత్త పెదాలే కదిపారు."