వెనక చక్రం

"ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలట," అంది భార్య, కళ్ళజోడు సర్దుకుని కాగితం చదువుతూ.

"తెలుసు," అన్నాడు సూపరింటెండెంటు గారు. తెలియదు. తీసి పక్కన పెట్టాడు.

రిటైరై ఏడాదైనా వీధిలో ఆయన్ని ఇంకా అలాగే పిలుస్తారు. జన్మలో ఫైలు ముడి తప్ప మరేదీ బిగించిన మనిషి కాదు. పదకొండు వీడియోలు చూశాక మాత్రం ఇంజనీర్లంటే చులకనైపోయింది. కూతురు కాలేజీకి తొక్కిన పాత సైకిలుకి మోటారు చక్రం వేసి, ఆదివారం పాత ఆఫీసు వాళ్ళ సమావేశానికి దాని మీదే వెళ్ళి దిగాలని పంతం.

ఊరు దాటగానే పెద్ద దిగుడుంది. అక్కడ చక్రం ఊడితే మనిషి దక్కడు. వారం రోజులుగా భార్యకి ఆ దిగుడే కళ్ళ ముందు మెదులుతోంది.

వరండాలో సైకిలు తలకిందులుగా నిలబడింది. మోటారు ఇరుసు రెండు వైపులా చదునుగా ఉంది. అది ఫ్రేము గాడిలో అడుగుదాకా కూర్చోవాలి. కూర్చోలేదు. ఆయన అరచేత్తో గుద్దాడు.

"గుద్దకండి. వాషరు పన్ను గాడిలో పడలేదు."

"నువ్వొక్కదానివే తక్కువయ్యావు నాకు చెప్పడానికి. నచ్చకపోతే పో. తలుపు తీసే ఉంది."

పెళ్ళైన ఏడాది నుంచీ వాడుతున్న మాటే. ఆమె వాషరు తిప్పి పెట్టింది. చక్రం బుద్ధిగా కూర్చుంది.

"చూశావా," అన్నాడాయన.

నట్లు బిగించాక అట్టపెట్టెలో రెండు ఇనప బద్దలు మిగిలాయి.

"ఇవేంటండీ?"

"ఎక్కువొచ్చాయి. వాళ్ళు అలాగే వేస్తారు."

"మోటారు చక్రాన్ని ముందుకు తోస్తే ఇరుసు వెనక్కి తిరగబోతుందట. ఈ బద్దతో దాన్ని పట్టి ఫ్రేముకి బిగించాలట. లేకపోతే గాడి పగిలి చక్రం బయటికొచ్చేస్తుందట."

"అట, అట. సరే, ఒకటి వేస్తాలే."

"రెండూ వేయండి."

ఆమె రెండో బద్ద కూడా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఛాతీ అంగుళం పొంగింది. మొగుడంటే ప్రాణం మరి. రెండూ బిగించాడు.

దాంతో ఆమె భయాలకి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. వాన నీళ్ళు మోటారులోకి జారకుండా వైరుని కిందికి వంపు తిప్పి కట్టించింది. పడబోతే కాలు నేలకి ఆనాలని సీటు దింపించింది. సంచి పెడితే కదలకూడదని క్యారియరుకి తాడు చుట్టించింది.

"ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుందండీ?"

"మీ అక్క వాళ్ళ ఊరి దాకా. అంతే. చార్జరు పట్టుకెళ్తేనే తిరిగి రావడం. లేదంటే అక్కడే ఉండిపోవాలి, మీ అక్క కబుర్లు వింటూ."

తన హాస్యానికి తనే పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, మోచేతి మీద మానుతున్న పుండు గోక్కుంటూ. నెల రోజులుగా పొద్దున్నే, పిల్లలు సైకిళ్ళు నేర్చుకునే మైదానానికి నడకకి వెళ్ళి ఎక్కడో ఒకచోట పడి వస్తోంది. "మా ఆవిడకి నడవడం కూడా రాదు," అని ఆయన వీధంతా చెప్పి పెట్టాడు.

శనివారం వీధి చివరి దాకా తొక్కి వచ్చాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి గానీ చక్రం మాత్రం చెక్కు చెదరలేదు.

"మొదటిసారి తొక్కాక నట్లు మళ్ళీ బిగించాలట."

బిగించాడు.

"ఇంక ఊడదు కదా?"

"పిచ్చిదానా, బిగించింది నేను. నిన్నొదిలి నేనెక్కడికి పోతాననే నీ బెంగ?"

ఆమె చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది. ఊగలేదు.

ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హెల్మెట్ ఎక్కడ పెట్టి చచ్చావే అని గదిగదికీ అరుచుకుంటూ ఆయన వరండాలోకి వచ్చేసరికి తలుపు తీసే ఉంది, సైకిలూ లేదు, ఆమె చెప్పులూ లేవు, చార్జరు మాత్రం మేకుకి వేలాడుతోంది.