ఏనుగు పెద్ద మద్దతు

తేనె కోసం ఎలుగు పెట్టే పొగకు గట్టు మీది చెట్లు మాడిపోయి, మా అడవి చెరువు ఎండిపోసాగింది. పంచాయతీ పెద్దనైన ఏనుగును నేను. ఓ కట్టుబాటు పెట్టాను. అడవిలో నెలకు ఇంత పొగే పెట్టాలి, ఆ పొగ వాటా అందరికీ సమానం. ఎక్కువ కావాలంటే, పొగ పెట్టనివాళ్ల వాటాను తేనె ఇచ్చి కొనుక్కోవాలి.

ఉడతలు తమ వాటా ఎలుగుకు అమ్మి, ఆ తేనె కోతులకు కూలిగా ఇచ్చి, గట్టంతా మొక్కలు నాటించాయి.

ఆ మొక్కల తోట ప్రారంభోత్సవానికి ఊరేగింపుగా వెళ్లి, గట్టెక్కి గొప్పగా ప్రసంగించాను. చప్పట్లే వినపడలేదు. కిందికి చూస్తే సగం మొక్కలు నా కాళ్ల కిందే ఉన్నాయి.

ఉడత చారలమ్మ కళ్లు తుడుచుకుంది. "అయ్యగారూ, మీ మద్దతు మాకు కావాల్సిందే. కాకపోతే కాస్త దూరం నుంచి ఇవ్వండి."

ఇంత పెద్ద తలకాయకు ఆ చిన్న మాట ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు గట్టుకు దూరంగా పారే వాగులో నిలబడి తొండంతో గట్టుకు నీళ్లు చిమ్ముతున్నాను. తొండం నిండా నీళ్లుంటే ప్రసంగించడం కుదరదు. అందుకేనేమో, మొక్కలు ఏపుగా పెరుగుతున్నాయి.